తైమి కారుకు బేరింగులు

ఆ శనివారం ఇంట్లో ఉన్నది నలుగురు. ఏలకుల రొట్టెలకు పిండి పిసుకుతున్న నాయనమ్మ హిల్కా, నడుం పట్టేసి బల్ల మీద వెల్లకిలా పడుకున్న నాన్న తౌనో, ఓట్స్ చేను అవతలి ఇంటి నుంచి కాఫీకి వచ్చిన పెదనాన్న కొడుకు యూసో, తలుపు వారగా నిలబడ్డ తైమి. గరాజులో ఉన్న ఎర్ర కారుతో కలిపితే ఐదుగురనేది నాయనమ్మ. చలికాలమంతా తండ్రీ కూతుళ్ళు దాని కిందే కాపురం పెట్టారని ఆమె దెప్పేది.

తైమికి పదహారేళ్ళు. పదిమందిలో నోరు విప్పదు. బడిలో హాజరు పిలిస్తే పక్కవాళ్ళే ఉందని చెప్పాలి. అలాంటి పిల్ల గులకబాట మీద కారు తోలుతుంటే మాత్రం ఊరంతా కంచె దగ్గరికి వచ్చి చూసేది. ఆ ఒక్క చోటే ఎవరూ ఆమెను గట్టిగా మాట్లాడమనరు. వచ్చే వేసవికి కుర్రవాళ్ళ కారు పందేల నుంచి ఆడవాళ్ళ పందేల్లోకి మారాలి. దానికి ఆ కారే ఉండాలి. తౌనో నడుము ఇంకో కారు కట్టనివ్వదని ఇంట్లో అందరికీ తెలుసు.

ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. మలుపులో బండి ఒరిగిపోకుండా కాసేది అదే. దాన్ని పట్టి ఉంచే బిగింపుల్లో బుష్‌లనే రబ్బరు తొడుగులు చిరిగిపోయాయి. మళ్ళీ రబ్బరే వేయాలా, బేరింగులు వేయాలా అన్నది ఆ రోజు మాట.

రబ్బరే అన్నాడు తౌనో. రబ్బరు కడ్డీని కాస్త పట్టేస్తుంది, మలుపు అందుకోవడంలో కారు రెప్పపాటు బద్ధకిస్తుంది, నిజమే. ఆ బద్ధకమే మనకు కాపలా అన్నాడు. ఆ పందేల నియమం అలాంటిది. పందెం అయ్యాక, పోటీలో దిగిన ఏ కారునైనా, తోటి పోటీదారు ఎవరైనా, అన్నిటికీ ఒకటే అయిన ఖరీదు కట్టి తీసుకుపోవచ్చు. ఆ ఖరీదుకు మంచి కారులో సగం సామాను కూడా రాదు. ఇవ్వనంటే లైసెన్సు పోతుంది. డబ్బున్నవాడు కారు మీద కుమ్మరించి గెలవకూడదని పెద్దలు పెట్టిన నియమం. అందుకే ఆ చుట్టుపక్కల ఎవరూ సొట్టలు తీయించరు, రంగు వేయించరు. కారు ఎంత వికారంగా ఉంటే అంత క్షేమం. ఎర్ర కారు తలుపు మీద తౌనో తనే సుత్తితో కొట్టి రెండు సొట్టలు పెట్టాడు.

యూసో కాఫీ కప్పు దించి నవ్వాడు. "ఇంతకీ ఈ కారు తోలడానికి కట్టావా బాబాయ్, దాచుకోవడానికా?"

తన దగ్గర ఒక జత బేరింగులు ఊరికే పడి ఉన్నాయన్నాడు. అవి వేస్తే కడ్డీ నూనెలో తిరిగినట్టు తిరుగుతుందన్నాడు. దుమ్ము పట్టి ఒక్క వేసవికే అరిగిపోతాయని తౌనో అంటే, కుర్రవాళ్ళ పందేల్లో ఈ పిల్లకు రాబోయేదే ఆఖరిది, ఒక్కరోజు నిలిస్తే చాలదా అన్నాడు. బిగింపుల మీద మట్టి మెత్తేస్తే ఎవరికీ తెలియదన్నాడు.

ఎవరైనా కారు అడిగితే ఏం చేస్తారని నాయనమ్మ అడిగింది. దానికీ ఆ ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. గెలిచిన కారుకు సొంతవాళ్ళలో ఒకరు కూడా కొంటామని పేరు ఇస్తారు. ఇద్దరు ముగ్గురు అడిగితే చీటీలు తీస్తారు. మనవాడి చీటీ వస్తే కారు తిరిగి ఇంటికి, డబ్బు తిరిగి అతని జేబులోకి.

"నేను ఇస్తాలే పేరు. ఎప్పుడూ ఇచ్చేదేగా," అన్నాడు అదే పోటీలో పెద్దవాళ్ళ పందెంలో దిగే యూసో.

కారు నీది, నువ్వే చెప్పు అన్నాడు తౌనో కూతురితో. అందరి ముందూ తైమిని ఒక మాట అడగడం అదే మొదలు. ఆమె మెడ దాకా ఎర్రబడింది.

"బేరింగులే," అంది.

"ఎలుకపిల్ల మాట్లాడింది. నాయనమ్మా, ఇంకో కాఫీ పొయ్యి," అన్నాడు యూసో.

పందెం రోజున కారు ఆమె ఒంట్లో భాగంలా ఉంది. తిప్పీ తిప్పకముందే మలుపు అందుకునేది. మిగతావాళ్ళు మలుపు మలుపుకీ బయటికి జారిపోతుంటే ఆమె లోపలి అంచు పట్టుకుని దూసుకుపోయి గెలిచింది. పిల్ల ఎంత బాగా తోలింది అన్నారు కంచె దగ్గర. ఎవరూ కారు మాట ఎత్తలేదు.

మైకులో కొనుగోళ్ళు చదివారు. ఎర్ర కారుకు ఒక్కటే పేరు వచ్చింది, యూసోది. తౌనో ఊపిరి వదిలి, చల్లారిపోయిన సాసేజ్ కొరికాడు. "మనవాడే," అన్నాడు. తైమి నవ్వుతూ తాళం ఇచ్చింది. యూసో ఖరీదు కట్టి, కారును తన బండి వెనక ట్రాలీకి ఎక్కించుకున్నాడు. రేపో మాపో తెచ్చి దింపుతాడనుకున్నారు.

వారాలు గడిచి బంగాళదుంపలు తవ్వడం అయిపోయింది. కారు రాలేదు. యూసో కాఫీకీ రాలేదు. ఫోను చేయమంటే తౌనో చేయడు. అన్న కొడుకును అడగడమంటే దొంగవని అనడమేగా అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. యూసో కట్టిన డబ్బు అలాగే అల్మరాలో ఉంది. చివరికి ఎవరినీ ఏదీ అడగని తైమే, నాయనమ్మ చేసిన రొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని చేనుకు అడ్డం పడి వెళ్ళింది.

గరాజు తలుపు తెరిచే ఉంది. ఎర్ర కారు జాకీల మీద ఉంది. బల్ల మీద బేరింగులు, శుభ్రంగా తుడిచి నూనెగుడ్డ మీద పెట్టి ఉన్నాయి. యూసో కొత్త బుష్‌కు సబ్బునీళ్ళు రాసి కడ్డీకి ఎక్కిస్తున్నాడు.

"రబ్బరు వేస్తున్నావా?" అంది.

"మొన్న పందెంలోలా తిరిగితే ఎవడో ఒకడు ఎగరేసుకుపోతాడు."

"కారు ఎప్పుడు తెస్తావు?"

అతను బుష్ చివరిదాకా నొక్కాడు. "కొన్నాను కదా తైమీ. ఖరీదు కట్టాను."

ఎప్పటిలా ఎలుకపిల్ల అని పిలవలేదు. అతని నోట తన పేరు విన్న గుర్తు ఆమెకు లేదు.

"పేరు ఇస్తానన్నావు."

"ఇచ్చాను. నియమం నేను పెట్టిందా?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. "బాబాయ్‌కి చెప్పు, రబ్బరు సంగతి ఆయన అన్నదే నిజమని."

కారు అడిగింది ఒక్కడే, బేరింగులున్నాయని తెలిసిన బయటివాడూ ఒక్కడే. ఆ మాట తైమి రాత్రి డైరీలో అయితే రాసుకోగలదు. ఇక్కడ రొట్టెల మూట ముందుకు చాచింది. అతను ఆమె చేతిలోంచి మూట అందుకుని కారు టాపు మీద పెట్టాడు. నాయనమ్మను అడిగానని చెప్పమన్నాడు.

"దుమ్ము లోపలికొస్తోంది," అన్నాడు.

రబ్బరుకు దుమ్ముతో భయం లేదు. అది ఇద్దరికీ తెలుసు. ఆమె గుమ్మం బయట నిలబడి ఇంకా కారు వైపే చూస్తుండగా యూసో తలుపు వేసేశాడు.