ఆదివారం ఆగే బండి

సోమవారం పొద్దున నాంచారమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి రాబోతే, రైలుగేటు వేసి ఉంది.

వంటింటి గడప అవతల, నిన్నటిదాకా బియ్యం డబ్బా ఉన్నచోట, ఎరుపూ తెలుపూ చారల కమ్మీ అడ్డంగా వాలి ఉంది. దాని వెనక గచ్చు మీద కంకరరాళ్ళు, రాళ్ళ మీద రెండు పట్టాలు, పట్టాల కవతల ముందుగది వైపు ఇంకో గేటు. బియ్యం డబ్బాను మాత్రం ఒలక్కుండా గోడవారకు జరిపి పెట్టారు. అదొక్కటి నయం అనుకుంటుంది నాంచారమ్మ.

అవతలి గేటు పక్కన ఆమె మొగుడు యలమంద నిలబడి ఉన్నాడు. పోయినేడు మడిచి అటకెక్కించిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. చంకలో రెండు జెండాలు. ఊరి చివర రైలుగేటు దగ్గర ఆయన చేసిన ఉద్యోగం అదే. ఆయన రిటైరయ్యాక అక్కడ గేటు పీకేసి రోడ్డును పట్టాల కిందుగా తవ్వారు. దిక్కులేని గేటు ఎక్కడికి పోతుంది పాపం, తెలిసిన మనిషిని వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందయ్యా ఇది?"

"బండొస్తంది. ఆగు."

"కాఫీ చల్లారిపోద్ది."

"కాఫీ చల్లారితే మళ్ళీ కాచుకోవచ్చు. నువ్వు బండి కింద పడితే మళ్ళీ కాచుకోలేం."

నాంచారమ్మ గడపలో నిలబడి ఆ కాఫీ తనే తాగేస్తుంది.

కాఫీ పోతే పోయింది. ఆమె దిగులంతా ఆదివారం గురించి. యలమంద ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో గూడ్సు, పిల్లలప్పుడు ప్యాసింజరు, తుఫాను వచ్చిన ఏడు దారి మళ్ళించిన బళ్ళు, మరిది కూతురి పెళ్ళినాడు పీటల దగ్గర నుంచి లేపుకుపోయిన స్పెషలు. ఏ బండి ఏ పూట ఆయన్ని విస్తరి ముందు నుంచి లాక్కుపోయిందో ఆమెకు పేరుపేరునా గుర్తు. ఆయన కంచం మీద ఇంకో కంచం బోర్లించి నిలబడడమే ఆమె ఉద్యోగం. దానికి మాత్రం రిటైర్మెంటు ఎవరూ చెప్పలేదు. ఆయన దిగిపోయాక మొదటి ఆదివారం మధ్యాహ్నం ఎదురుగా బాసింపట్టు వేసుకుని, కోడికూర కలుపుకుని, "ఉప్పు సరిపోయిందే" అన్నాడు. ఆ మాట వేడివేడిగా వినడం ఆమెకు అదే మొదలు. అప్పట్నుంచీ తక్కిన వారమంతా ఆమె ఆ ఒక్క పూట కోసమే గడుపుతోంది.

మంగళవారం కూడా బండి రాదు. గేటు లేవదు.

"కంచం గేటు కిందుగా తొయ్యనా?" అంటుంది.

"గేటేసున్నప్పుడు కిందుగా దూరే ప్రతివాణ్ణీ ముప్పై ఏళ్ళు తిట్టాను. ఇప్పుడు నా కంచమే దూరితే నలుగురిలో ఏం మొహం పెట్టుకోను?"

ముందుగదిలో దూలానికి వేలాడుతున్న అరటిగెల నుంచి రెండు పళ్ళు తెంపుకుని నిలబడే తింటాడు. ఈవైపు ఆమె కూడా నిలబడే తింటుంది. ఆయన కూర్చోకుండా తను కూర్చోవడం ఆమెకు చేతకాదు.

బుధవారం సంత. ఇంటిని ఎటు చుట్టివచ్చినా ముందుగదికి గేటే అడ్డం. ఆమె దొడ్డిదారిన వెళ్ళి దోసకాయలూ, గోంగూరా, ఎండుచేపలూ తెచ్చుకునేసరికి వంటింట్లో జనం. గేటు పడిందని ఆగారు. మిరపకాయల టిక్కీ బస్తాలేసుకున్న ట్రాక్టరు, ఒక ఆటో, గొర్రెలమంద, శనక్కాయలు వేయించే బండి. వాళ్ళందరికీ సరిపడా వంటిల్లు పొడుగైంది. గుమ్మం దగ్గర నుంచి పొయ్యి దాకా నడిస్తే ఆమెకు పిక్కలు పట్టేస్తున్నాయి. దారిలో ఒకచోట సంచీ దించి, గొర్రె వీపు మీద చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని మళ్ళీ నడుస్తుంది.

"పిన్నీ, ఇంకా ఎంతసేపు?" అంటాడు ఆటో అతను. "బాబాయికి ఓ మాట చెప్పరాదూ!"

"మీ బాబాయి నా మాట వినే మనిషైతే నేనీపాటికి కాశీ చూసొచ్చేదాన్ని."

"ఇంట్లో గేటు పెట్టించుకున్నోళ్ళని నేనెక్కడా చూళ్ళా," అంటాడు గొర్రెల ఆసామి. "మా ఇంట్లో తలుపే లేదు."

"తలుపుంటే నీ గొర్రెలు నా గోంగూర తినకపోవును," అంటుంది నాంచారమ్మ. అంటూనే అందరికీ మజ్జిగ కలుపుతుంది. వచ్చినవాళ్ళను ఊరికే నిలబెట్టడం ఎట్లా?

శుక్రవారం గడపకు పసుపు రాస్తూ, అలవాటున చెయ్యి సాచి పట్టాలకు కూడా రాసి బొట్లు పెడుతుంది.

"పట్టాలకు పసుపేందే, బండి జారుద్ది," అంటాడు యలమంద అవతల నుంచి. ఆయన కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది.

"ఎల్లుండి ఆదివారం. కోడికూర చేస్తా. వస్తావా?"

"బండి పోతే వస్తా."

"అసలు బండే రాకపోతే?"

"రాని బండికే కదే గేటుమాను ఉండేది. వచ్చిపోయిన బండికి నాతో ఏం పని?" అని, గొంతు తగ్గించి, "నాకూ ఆకలిగానే ఉంది నాంచారీ," అంటాడు.

ఆ మాట ఆమెను రోజంతా కుదురుగా ఉండనివ్వదు.

శనివారం పొద్దున్నే స్టేషనుకు వెళుతుంది. స్టేషను దొడ్లోనే ఉంది, బట్టలుతికే బండ మీద. స్టేషను మాస్టరు ఆమె అత్త వీరమ్మ. వీరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అయినా తెల్లకోటు బాగానే నప్పింది. బండ మీద మఠం వేసుకుని, ఒక చేత్తో టెలిఫోను పట్టుకుని, ఇంకో చేత్తో వక్క కత్తిరించుకుంటోంది.

"అత్తా, ఒక బండి పంపు."

"ఇప్పటికి గుర్తొచ్చానా? నా తద్దినానికి గారెలు మాడబెట్టినప్పుడు గుర్తులేనా?"

"ఆ రోజు నీ కొడుకు బండుందని పరిగెత్తాడు. ఆ కంగారులో మాడినయ్యి."

"వాడి తండ్రీ అంతే," అని వీరమ్మ వక్క నోట్లో వేసుకుంటుంది. "పోయే బండి కావాలా, ఆగే బండి కావాలా?"

"తేడా ఏంది?"

"పోయే బండైతే గేటు లేస్తది. లేచిందని నువ్వు పీట వేసేలోపు ఇంకోటి వస్తది. ఆగే బండైతే గేటు లేవదు. కాకపోతే లోపల బల్లలుంటయ్."

"కూర్చోవచ్చా?"

"బల్లలు ఎందుకంటావు మరి!"

నాంచారమ్మ తన కాళ్ళ వంక చూసుకుంటుంది. చీలమండలు వాచి కుంకుడుకాయ రంగుకు తిరిగాయి. "ఆగేదే పంపు అత్తా," అంటుంది.

ఆదివారం మధ్యాహ్నం కూర దించే వేళకు, దేవుడి పటాలున్న గోడలోంచి ఇంజను వస్తుంది. ఒక్క పటం కూడా కదలదు. పసుపు రాసిన పట్టాల మీద పెట్టెలు మెల్లగా జరుగుతుంటాయి. కిటికీల్లో మనుషులు లేరు. ప్రతి కిటికీ దగ్గరా ఒక కంచం, దాని మీద బోర్లించిన ఇంకో కంచం, సందుల్లోంచి ఆవిరి. నాంచారమ్మ తన కంచాలను గుర్తుపడుతుంది. అంచు నొక్కుకుపోయినది తుఫాను ఏటిది. పేరు చెక్కించినది పుట్టింటివాళ్ళు పెట్టింది.

బండి ఆగుతుంది. గిన్నె చీరకొంగుతో పట్టుకుని ఆమె ఈవైపు తలుపులోంచి ఎక్కుతుంది.

"పిన్నీ, మరి మేం?" అని అరుస్తాడు ఆటో అతను.

"మజ్జిగ కుండ అక్కడే ఉంది నాయనా, వంచుకోండి."

యలమంద మాత్రం అవతలి మెట్టు దగ్గర ఆగిపోయాడు. "గేటు వదిలేసి ఎట్టా ఎక్కేది? ఎవరన్నా తీస్తేనో?"

"బండి ఆగున్నప్పుడు తీసి ఎక్కడికి పోతారయ్యా? నువ్వున్నా వేసే ఉంటది, లేకున్నా వేసే ఉంటది."

కూర వాసన మెట్ల మీదుగా దిగి ఆయన దగ్గరకు వెళుతుంది. చివరకు ఎర్రజెండాను గేటుకు కట్టి, పచ్చజెండాను తువ్వాలులా భుజాన వేసుకుని ఎక్కుతాడు. ఇద్దరూ ఎదురెదురు బల్లల మీద కూర్చుంటారు. కూర్చోగానే ఆమె మోకాళ్ళు ఊళ్ళో అందరికీ వినపడేంత గట్టిగా నిట్టూరుస్తాయి. తుఫాను ఏటి కంచం మూత తీస్తుంది. అన్నం పొగలు కక్కుతోంది.

యలమంద మొదటి ముద్ద మింగి కళ్ళు మూసుకుంటాడు. "ఉప్పు..." అంటాడు.

"తక్కువైందా?"

"సరిపోయిందే."

బండి కదలదు. ఇల్లే కదులుతుంది. పొయ్యీ, ట్రాక్టరూ, గొర్రెలూ, బండ మీద టెలిఫోనులో ఎవరినో తిడుతున్న వీరమ్మా కిటికీ ముందు నుంచి వెనక్కి జరిగిపోతారు. ఊరు కూడా పోయి మిరపచేలు వస్తాయి. చేల మధ్య ఒక గేటు. గేటు దగ్గర మూతపెట్టిన కంచం పట్టుకుని నాంచారమ్మ నిలబడి ఉంది, నడివయసుది. తర్వాత ఇంకో గేటు, చంకలో పిల్లతో నాంచారమ్మ. ఆ తర్వాత ఇంకా పసుపుతాడు పచ్చగా ఉన్న నాంచారమ్మ. చూపు ఆనినంత దూరం గేట్లే.

ఆమె ఎంగిలి చేతిని దూరంగా పెట్టి, ఎడంచేత్తో మొగుడి భుజాన ఉన్న పచ్చజెండా తీసుకుంటుంది. కిటికీలోంచి ఊపుతుంది. ఆమె ఊపుతున్న కొద్దీ గేటు దగ్గరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే నేల మీద చతికిలబడి, మూత తీసి, ఎవరి కోసమూ ఆగకుండా ముద్ద కలుపుకుంటున్నారు.