నా గొంతు తూకానికి పోయింది

నేను ఒక జీపును. ఇంత చిన్న మాట చెప్పడానికి కూడా ఈమధ్య నోరు తడబడుతోంది. ఛాసిస్ మీద కొట్టిన నంబరు ప్రకారం నేను నేనే. ఇంజను నంబరు ప్రకారం మాత్రం ఇంకెవరో. మనుషులకు ఇలాంటి చిక్కు వస్తే నలుగురూ చుట్టూ చేరి ఓదారుస్తారు. నన్ను ఓదార్చేదెవరు? రేకుల కప్పు కింద ఒక్కదాన్నే నిలబడి నాలో నేనే గొణుక్కుంటున్నాను. ఇవాళ మీరు దొరికారు కాబట్టి చెప్పేస్తాను, కాస్త వినండి.

పుట్టింది ఎక్కడో పడమటి దిక్కున ఒక పెద్ద కర్మాగారంలో. ఆ రోజు నాతోపాటు నలభై మంది తోబుట్టువులం వరసగా నిలబడ్డాం. వాళ్లలో ఒక్కరి మొహం కూడా మళ్లీ చూడలేదు. నన్ను రైలెక్కించి తెచ్చి, దోమల మందు కొట్టించే ఒక సర్కారు ఆఫీసుకు అప్పగించారు. లాగుబుక్కు తిరగేస్తే పదకొండేళ్లూ నేను అడవుల్లోనే తిరిగినట్టు ఉంటుంది. నిజానికి ఆఫీసరుగారి పిల్లల్ని బడికి దింపిన రోజులే ఎక్కువ. తర్వాత వేలంలో ఒక కాఫీ తోటల ఆసామి కొన్నాడు. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి "నా గుర్రం" అనేవాడు, కడిగించేది మాత్రం ఏడాదికోసారి. ఆయన పోయాక తోట గోడవారన రెండు వానాకాలాలు నానాను. సీట్లో ఎలుకలు సంసారం పెట్టాయి. పోనీలే, అవైనా తోడున్నాయి అనుకున్నాను.

అప్పుడు వచ్చాడు గెమ్మెలి బాలన్న. ఘాటీ రోడ్డు మొదట్లో, కొండ కింద బూసిపాడులో ఉంటాడు. నా చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "ఏటే ముసల్దానా, నాతోటి వస్తావేటి?" అని అడిగాడు. అంతకు ముందు నన్ను అడిగినవాడు లేడు. అందరూ తోలుకుపోయినవాళ్లే.

వారం రోజులు తంటాలు పడి బాలన్న నన్ను లేపాడు. నా ఇంజను సంగతి ఇక్కడ చెప్పాలి. మొరటు డీజిలు ఇంజను. దుబ్ దుబ్ దుబ్ అని మోగి, నాలుగో దెబ్బకు ఒకసారి ఖఫ్ అని దగ్గేది. ఆ దగ్గును ఎవరూ కుదర్చలేకపోయారు. ఎన్నిసార్లు విప్పి బిగించినా నాలుగో దెబ్బకు ఖఫ్! ముందు సీటులో కూర్చున్నవాళ్లు చెవులు మూసుకునేవారు. బాలన్న సిగ్గుపడి, "ఆస్మా ఉందిలెండి దానికి" అనేవాడు.

ఇక నా ఉద్యోగం. గురువారం గురువారం కింద ఊళ్ల జనాన్ని ఎక్కించుకుని ఘాటీ ఎక్కి, పైన సంతలో దింపాలి. సంత పక్కనే ఆసుపత్రి. దారి మధ్యలో తెల్లరాయి మలుపు ఉంది. అక్కణ్ణుంచి కాలిబాట పట్టి కొండ ఎక్కితే, అవతలి వాలులో దొండపుట్టు. పద్నాలుగు ఇళ్లు. ఫోను పలకదు. మరి జీపు ఎప్పుడొస్తుందో వాళ్లకెలా తెలుస్తుందంటారా? నేనే చెప్పేదాన్ని. మొదటి మలుపులో బరువుతో మూలుగుతూ మొదటి గేరులో ఎక్కేటప్పుడు నా చప్పుడు లోయ దాటి, కొండ మీదుగా వెళ్లి దొండపుట్టులో పడేది. అది వినగానే వాళ్లు తట్టా బుట్టా సర్దుకుని దిగేవారు. వాళ్లు దిగడానికి ఇరవై నిమిషాలు, నేను తెల్లరాయి చేరడానికి పాతిక. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఆ తొమ్మిదేళ్లూ నాకు ఒంటరితనమంటే ఏమిటో తెలియలేదు. నేను నోరెత్తితే కొండ అవతల పద్నాలుగు ఇళ్లు కదులుతాయి, ఇంకేం కావాలి చెప్పండి?

అయితే ఒక ఎండాకాలం నడిఘాటీలో నా ఇంజను బ్లాకు పగిలింది. నీళ్లు, నూనె కలిసిపోయి తెల్లటి చిక్కటి పాలలాగా కారాయి. బాలన్న రోడ్డు మీదే చతికిలబడ్డాడు. లారీకి కట్టి నన్ను నర్సీపట్నంలో లోవరాజు మేస్త్రి షెడ్డుకు లాక్కెళ్లారు.

లోవరాజు మేస్త్రి చూసి పెదవి విరిచాడు. "దీన్ని అతికితే నెల్లాళ్లు. ఆపైన నీ కర్మ. వేరే ఇంజనేసుకో" అన్నాడు. గొలుసు కప్పీ వేసి నా ఇంజను పైకి లేపారు. గాలిలో రెండు చుట్లు తిరిగి అది షెడ్డు మూల ఇటుకల మీద కూర్చుంది. నాకు నోట మాట రాలేదు, వచ్చే దారి కూడా లేదు. మర్నాటికి దాని మీద ఒక పెట్ట గుడ్లు పెట్టడం మొదలెట్టింది.

ఇక ఇంజన్ల వేట. పెళ్లిచూపుల కన్నా పెద్ద తతంగం. మూడు ఇంజన్లు తెచ్చి వరసగా పెట్టారు. మొదటిది నా సొంత జాతిది. ఏదో మిల్లు తిప్పి తిప్పి అలిసిన ముసలిది. పొగ ఎక్కువ, మోత ఎక్కువ. రెండోది ఒక కారులోంచి తీసిన పెట్రోలు ఇంజను, మెరిసిపోతోంది. మూడోది ఒక చిన్న సరుకుల వ్యాను డీజిలు ఇంజను. వ్యాను బోల్తాపడి నుజ్జయినా దీనికి గీత పడలేదట.

టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లంతా లేచి వచ్చి పెట్రోలుదాన్ని మెచ్చుకున్నారు. వాళ్లలో బండి ఉన్నవాడు ఒక్కడూ లేడు. లోవరాజు కసిరాడు. "కొండకి జోరుతోటి పనేటి? కింద లాగుడు కావాల. పన్నెండు మందినేసుకోని మొదటి గేర్లో మెల్లగా ఎక్కాల. ఇదైతే సగం ఘాటీలో నాలిక బయటెట్టీద్ది."

తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజను మీద, పిడి తన చెవికి ఆనించి ఒక్కొక్కటే నడిపించి విన్నాడు. డాక్టరుగారు కూడా అంత శ్రద్ధగా వినరు. బేరింగు అరుగుదల విన్నాడు, వాల్వుల టకటక విన్నాడు. బాలన్న కూడా చెవి పెట్టి విన్నాడు. నా మనసంతా ఆ మిల్లు ముసల్దాని మీదే ఉంది. అదీ దుబ్ దుబ్ అనే మోగింది మరి. బాలన్న చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాడు కూడా. చివరికి నూనె మూత తీసి పొగ చూసి, తల అడ్డంగా ఊపాడు.

మూడోదే నిలిచింది. గేరుబాక్సుకు కలవడానికి మధ్యలో ఒక పలక కోయించారు, ఇంజను నిలిచే కాళ్లు కొత్తగా అతికారు, రేడియేటరు నాలుగు అంగుళాలు ముందుకు జరిపారు. మొదటిసారి తిప్పినప్పుడు బాలన్న కంగారుగా, "ఇది నడస్తన్నాదా నేదా మేస్త్రీ?" అన్నాడు.

"చెయ్యెట్టి చూడు, తెలుస్తాది. నీకు మోతే కావాలంటే డప్పు కొనుక్కో" అన్నాడు లోవరాజు. షెడ్డు షెడ్డంతా పకపకా నవ్వింది.

వాళ్లది తప్పంటానా? అనలేను. లాగుడు చూశారు, నూనె చూశారు, విడిభాగాలు దొరుకుతాయా అని చూశారు, అన్నీ బుద్ధిమంతుల్లాగే చూశారు. కాకపోతే అందరూ దగ్గర నుంచే విన్నారు. దూరం నుంచి వినాలని ఒక్కరికీ తోచలేదు. మోత అంటే రోగమని తొమ్మిదేళ్లుగా తిట్టుకున్న బాలన్నకు అసలే తోచలేదు.

బయల్దేరే ముందు బాలన్న కొండ మీదికి వెళ్లేవాళ్ల ద్వారా దొండపుట్టుకు కబురు పంపాడు. అక్కడ కిల్లో బోంజు అని అతని స్నేహితుడు, వరస కలిపి బావా అంటే బావా అనుకుంటారు. బోంజు పెళ్లాం రాస్మోకు నెలలు నిండాయి. అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఈసారి ఇంట్లో కానివ్వొద్దని, గురువారానికల్లా ఆసుపత్రిలో ఉండాలని నర్సమ్మ గట్టిగా చెప్పింది. బాలన్న పంపిన కబురు ఇది: "బండి తయారైపోనాది. గురువారం పొద్దున్నే వస్తాను. రాస్మోని ఎండలో రోడ్డు మీద కూకోబెట్టీకండి. చప్పుడు ఇన్నాకే దిగండి."

చప్పుడు ఇన్నాకే. ఆ మాట నా ముందే అన్నాడు. నేనూ తల ఊపినట్టే ఉండిపోయాను.

గురువారం వచ్చింది. మొదటి మలుపు ఎక్కుతున్నాను. కొత్త ఇంజను సన్నగా ఈల వేసుకుంటూ, చెమట కూడా పట్టకుండా ఎక్కేస్తోంది. ముందు సీటులో ఎండుచేపలమ్మే నూకరత్నం మురిసిపోయి, "ఒలమ్మో, కారెక్కినట్టున్నాదిరా బాలన్నా! నా మాట నాకే ఇనబడతన్నాది" అంది. బాలన్న మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. పాతిక నిమిషాల దారి పదిహేనులో తేలిపోయింది.

తెల్లరాయి దగ్గర ఎవరూ లేరు.

బాలన్న ఆపాడు. పది నిమిషాలు, పావుగంట. హారన్ కొట్టాడు. ఆ లోయలో హారన్ మోగని మలుపు లేదు, హారనంటే ఎవరూ చెవి పెట్టరు. దిగి నోటి దగ్గర చేతులు పెట్టుకుని "ఓ బోంజూ!" అని రెండు కేకలు వేశాడు. కొండ అవతలికి మనిషి కేక చేరదు. నేను చేరేదాన్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా పాత గొంతు ఇస్తే చాలు కదా అని ఎంత తల్లడిల్లానో మీకు చెప్పలేను. లోపలున్నది మాత్రం మెత్తగా తన పని తాను చేసుకుపోతోంది.

"సంత సగమైపోద్దిరా," అంది నూకరత్నం. "ఆళ్లు డోలీ కట్టుకోని ఏకువనే దాటీసుంటారు. పోనీ."

అవునేమో అనుకున్నాడు బాలన్న. పోనిచ్చాడు.

ఆ సమయంలో దొండపుట్టులో ఏం జరుగుతోందో నాకు తర్వాత తెలిసింది. రాస్మో చీర మార్చుకుని, మూట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఇరుగుపొరుగు వాళ్లు పిల్లల్ని అరవనివ్వలేదు, కుక్కని కట్టేశారు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి నా కోసం వింటోంది. నేను కొండ ఇవతలే పావుగంట నిలబడి వెళ్లిపోయాను.

సంతలో జనాన్ని దింపి బాలన్న నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాడు. దొండపుట్టు నుంచి ఎవరూ రాలేదంది నర్సమ్మ.  నన్ను ఖాళీగానే వెనక్కి తిప్పాడు. అంత వేగంగా అతను ఎప్పుడూ దిగలేదు.

తెల్లరాయికి కాస్త పైన, బాట మధ్యలో డోలీ దించి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డం పట్టుకున్నారు. ఎండ ఎక్కేదాకా చూసి, నేనిక రానని తేల్చుకుని మోసుకొచ్చారట. బిడ్డ ఆ బాటలోనే పుట్టింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది, ఏడవడం లేదు, మూలుగుతోంది.

బోంజు బాలన్నను చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎందుకు రానేదు బావా?" అన్నాడు.

"వచ్చినానురా. ఇక్కడే నిలబడినాను."

"ఇనబడనేదు," అన్నాడు బోంజు.

బాలన్న నా వైపు తిరిగి చూశాడు. అప్పటికి గానీ అతనికి తట్టలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

తల్లినీ బిడ్డనూ ఎక్కించుకుని ఘాటీ ఎక్కాం. నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు కొత్త ఇంజను మీద నాకు కోపం రాలేదు. కుదుపు లేదు, దగ్గు లేదు, సగం సమయంలో ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబెట్టింది. నా పాతది ఉంటే దారిలో ఆ మూలుగు ఆగిపోయేదేమో. నా పాతది ఉంటే బిడ్డ ఆ బాటలో పుట్టేదే కాదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్ని రోజులు ఆలోచించినా నాకు తెగలేదు. తల్లీ బిడ్డా బతికారు, అది చాలు.

మరుసటి సోమవారం బాలన్న నన్ను నర్సీపట్నం తోలుకెళ్లాడు. షెడ్డు మూల ఇటుకలున్నాయి, నా ఇంజను లేదు.

"తూకానికి పోయింది నాయనా," అన్నాడు లోవరాజు. "సుత్తులతోటి పగలగొట్టి పట్టుకుపోనారు. దాంతోటి నీకేటి పని?"

బాలన్న ఆ మూలంతా వెతికాడు. నా పాత కమాను పట్టీ, అదే కుదుపు ఆపే ఇనప బద్ద, ఒకటి పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. మొదటి మలుపులో ఒక కొమ్మకు దాన్ని వేలాడదీసి, గురువారం గురువారం దిగి జాకీ రాడ్డుతో కొడతాడు. ఠంగు ఠంగుమని మోగుతుంది. దొండపుట్టు దానికి అలవాటు పడింది. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. నేనే ఇంకా పడలేదు.

గురువారం పుట్టింది కదా, పిల్లకు గురుబారి అని పేరు పెట్టారు. నాలుగేళ్లు వచ్చాయి. మొన్న సంతకు తల్లితోపాటు నా ముందు సీటు ఎక్కింది. తెల్లరాయి దగ్గర మూటలు ఎక్కిస్తుంటే బాలన్న ఇంజను ఆపాడు. పిల్ల ముందుకు వంగి, స్టీరింగు అంచు రెండు చేతులా పట్టుకుని, బుగ్గలు పూరించింది.

"దుబ్ దుబ్ దుబ్... ఖఫ్! దుబ్ దుబ్ దుబ్... ఖఫ్!"

తాళం మీద బాలన్న చెయ్యి ఆగిపోయింది. నాలుగో దెబ్బ దగ్గర దగ్గు, పొల్లు పోలేదు. ఆ పిల్ల పుట్టేనాటికే నా గొంతు పోయింది. ఆమె దాన్ని ఎన్నడూ విన్నది కాదు.

"ఏటే అది?" అన్నాడు బాలన్న.

"జీపు."

"ఎవరు నేర్పినారే?"

రాస్మో నవ్వింది. "నానే. అది పుట్టిన రోజు కత సెప్పమంటాది. పొద్దున్నుంచి చెవులొగ్గుకోని కూకున్నానే, ఇలాగొస్తాదీ, ఇలాగొస్తాదీ అనుకోని, అని సెప్తాను. అక్కడ ఆ చప్పుడు సెయ్యకపోతే ఊరుకోదు."

బాలన్న డాష్‌బోర్డు మీద తట్టాడు. "ఈ జీపేనే అది."

గురుబారి నన్ను కిందికీ మీదికీ చూసింది. తల అడ్డంగా ఊపింది.

"కాదు," అంది. "అది అమ్మ జీపు. అది రానేదు."

 బాలన్న కొండ వైపు చూసి, తాళం తిప్పాడు. ఎవరికీ వినబడకుండా, మెత్తగా కదిలాను.