రెల్లు దగ్గర జారిన రాయి

ముందు నడిచేవాడికి ఒక సుఖం ఉంది, వెనకవాళ్ళ మొహాలు చూడక్కర్లేదు, ఒడ్డు వెంట బాట సన్నం కాబట్టి ఒకరి వెనక ఒకరే రావాలి, రానీ, ఇవాళ ఒక్కరూ మాట్లాడటం లేదు, లేక మాట్లాడుకుంటున్నారేమో, నా గురించే గుసగుసలేమో, నాకెలా తెలుస్తుంది, గుసగుసలు వినపడటం మానేసి ఏడాది దాటింది, ఆ సంగతి నాకొక్కడికే తెలుసని ఈ పొద్దుటి దాకా ధీమాగా ఉన్నాను, మహా తెలివిగలవాణ్ణి, ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నదివైపు పెట్టుకుని నడుస్తున్నాను, నీళ్ళు ఏమీ ఎరగనట్టు పోతున్నాయి, అవతలి గట్టున కొంగ ఒంటికాలి మీద నిలబడింది, చూపించాలి, పిట్టల్నీ జంతువుల్నీ చూడటానికి వచ్చే ఈ ఆదివారం నడకల్లో ఏది కనపడినా చూపించాల్సింది నేనే, చెయ్యి ఎత్తబోయి దించేసుకున్నాను.

అందరూ నన్ను చెవుల మాస్టారు అంటారు, నేను మాస్టారునీ కాదు పాడూ కాదు, కుట్టుమిషన్ల మెకానిక్కుని, మూత విప్పకుండానే చప్పుడు విని ఎక్కడ నూనె ఎండిందో ఏ పళ్ళచక్రం అరిగిందో చెప్పేవాణ్ణి, ఆ చెవులతోనే ఈ ఒడ్డున ఏ పొదలో ఏ పిట్ట ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి, అదంతా ఒకప్పుడు, మొన్న దర్జీ మిషను తెచ్చి, కీచుమంటోంది చూడండి అంటే, ఎంత తొక్కినా నాకు కీచూ లేదు మూలుగూ లేదు, తప్పించుకోవడానికి కనపడిన చోటల్లా నూనె పోసి పంపించాను, తెల్లబట్టంతా మరకలైందని మర్నాడు వచ్చి నిలబడితే నీ దారమే మంచిది కాదన్నాను, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది, ఇంట్లో మా ఆవిడ, అంత సౌండెందుకండీ, పక్కింటివాళ్ళు మన టీవీయే చూస్తున్నట్టున్నారు అంటే విసుక్కుంటాను, సన్నటి చప్పుళ్ళే ముందు పోయాయి, పిట్టల కూతలన్నీ సన్నవే, అయినా ఏ చెట్టు మీద ఏది వాలుతుందో ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి కాబట్టి ఎలాగోలా నెట్టుకొస్తున్నాను, నెట్టుకొస్తున్నది నేనే అనుకున్నాను.

మా కోడలు వరసలో చివర వస్తోంది, మా అబ్బాయి ఆదివారం దుప్పట్లోంచి బయటికి రాడు, వాడికి బదులన్నట్టు తను వస్తుంది, వారమంతా కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి పనిచేసే మనిషి, ఈ ఒక్కరోజైనా పడుకోవచ్చు, పడుకోదు, వచ్చి పిచ్చి ప్రశ్నలు వేస్తుంది, మామయ్యా, ఆ కుడిచేతి పొదలో అరుస్తున్నది ఏం పిట్ట, మామయ్యా, నెత్తిమీద కొమ్మలో టిక్కుటిక్కుమంటోంది ఏంటది, పోయిన వారం చెప్పిందే మళ్ళీ అడుగుతుంది, మా కోడలికి చదువులన్నీ బుర్రకెక్కాయి గానీ పిట్టలు ఎక్కలేదండీ అని అందరి ముందూ నవ్వేవాణ్ణి, మందుల షాపాయన పడీపడీ నవ్వేవాడు, తనూ నవ్వేది, తను చెప్పిన వైపు చూసి పిట్ట పేరు చెప్పేవాణ్ణి, అందరూ ఆహా అనేవాళ్ళు, కుడివైపో నెత్తిమీదో తను చెప్పకపోతే నేను ఎటు చూసేవాణ్ణి.

ఇందాక రెల్లు దగ్గర జరిగింది తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది, నెలల తరబడి వీళ్ళంతా నీటికుక్కల కోసమే వస్తున్నారు, బురదలో వాటి అడుగులు, రాళ్ళ మీద అవి తిని వదిలేసిన చేపముళ్ళు చూపించి ఊరించింది నేనే, ఇవాళ నేను ముందు నడుస్తూ కొంగ ముక్కు మీద గొంతెత్తి ఉపన్యాసం ఇస్తున్నాను, ఒక రాయి జారి నీళ్ళలో పడింది, రెల్లు ఊగింది, నల్లటి వీపులు కొన్ని ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి ఒరిగి మాయమయ్యాయి, తిరిగి చూస్తే అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయి ఉన్నారు, కొత్తగా చేరిన టీచరమ్మ కళ్ళలో నీళ్ళు, పాపం రెండు బస్సులు మారి వస్తుంది, మందుల షాపాయన అడిగాడు, ఆ నీటికుక్క పిల్లలు అంతసేపు ఈల వేసినట్టు అరుస్తుంటే మీరు ఆగలేదేంటి మాస్టారూ, అప్పుడు వెనకనుంచి కోడలు, సారీ అండీ, నా కాలే జారింది, ఆ రాయి నావల్లే పడింది అంది, ఆ మాట దొరకడమే ఆలస్యం, ఒడ్డున అడుగు చూసి వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాను నీకు, బజారులో షికారనుకున్నావా, ఇకనుంచి నువ్వు రావద్దు అని అందరి ముందూ అరిచాను, సరే మామయ్యా అని తల వంచుకుంది, అన్నిటికీ నవ్వే మందుల షాపాయన నవ్వలేదు, నేను గిరుక్కున తిరిగి నడక మొదలుపెట్టాను.

మామయ్యా, అని ఇప్పుడు మళ్ళీ వెనకనుంచి, గట్టిగా, మాట మాట విడగొట్టి, ఎడమపక్క ఎండుకొమ్మ మీద అరుస్తోందే, అది లకుముకి పిట్టేనా, అన్ని తిట్లు తిని, రావద్దనిపించుకుని, ఇంకా అడుగుతోంది, ఆగి చూశాను, నీలంగా కూర్చుని ఉంది, ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది, గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు, లకుముకిని ఎరగనివాళ్ళు ఉంటారా, తనకి తెలియదా, అందరూ నావైపు చూడకుండా నేలచూపులు చూస్తున్నారు, అంటే వీళ్ళకీ తెలుసు, ఎప్పటినుంచో తెలుసు, సిగ్గుతో ఒళ్ళు మండిపోతోంది, చెవుల సంగతి సరే, చెవులు ఎవరికైనా పోతాయి, కానీ వరసలో చివర, నాకు అంత వెనక ఉన్న మనిషి కాలికింది రాయి నా ముందర నీళ్ళలో ఎలా పడుతుంది, చెవులు మోసం చేశాయనడానికి కూడా లేదు, రాయి కదలడం నా అరికాలికి తెలిసింది, తూలి నిలదొక్కుకున్నది నేనే, తను సారీ అన్నప్పుడు నాకు తెలుసు, తిట్టేటప్పుడు తెలుసు, రావద్దన్నప్పుడు తెలుసు, తెలిసే అన్నాను, అది లకుముకేనా మామయ్యా అని మళ్ళీ అడిగింది, అవునమ్మా అంటే చాలు, అందరూ ఆహా అంటారు, ఇంటికి పోతాం, అమ్మా, ఆ రాయి నా కాలికిందిది, తెలిసే నిన్ను తిట్టాను అన్నాను, మెల్లగా అన్నానో గట్టిగా అన్నానో నాకు తెలియలేదు, కొమ్మ మీది లకుముకి ఎగిరిపోయింది.