రాతి మీద రెండు పేర్లు

నిమ్మచెక్క అరిగి తొక్క మాత్రం మిగిలినా ఇత్తడి పలక మీద నలుపు పూర్తిగా వదల్లేదు. గేటు పక్కన గొంతుక్కూర్చుని ఇంకో చెక్క అందుకున్నాను. పలక మీద మామయ్య పేరు, దాని కింద 'కౌన్సిలర్, పాత బజారు వార్డు' అని ఉంటుంది. చిన్న మామయ్య తన గేటుకి వెనక దీపం వెలిగే గాజు పలక పెట్టించుకున్నప్పటి నుంచీ అత్తయ్య మా పలకని రోజూ తోమమంటోంది. దీపం లేకపోయినా మెరవాలి కదా అంటుంది.

చిన్న మామయ్య అంటే అత్తయ్య చెల్లెలి భర్త. తోడల్లుళ్లిద్దరూ కౌన్సిలర్లే. మామయ్యది పాత బజారు, ఆయనది కాలువ అవతలి కొత్త కాలనీ. పెద్దల్లుడినని అత్తవారింట వేసిన పెద్దపీట మామయ్య ఇప్పటికీ దిగలేదు. చిన్న మామయ్య ఆ పీట కాళ్లు గీకని రోజు లేదు.

"వదినా, ఆ తోముడు ఆపి ఇటు చూడు. మన ఊరికి మెట్రో!"

చిట్టి పేపరు పట్టుకుని వరండాలోకి వచ్చింది. చిట్టి నా ఆడపడుచు. పట్నంలో కంటి ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పట్నం శివార్లలో ఆగిపోయే మెట్రో లైనును మా ఊళ్లోకి పొడిగిస్తారట. మా కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానం చేసి పంపితే చాలట. చిట్టి వేలు మాత్రం అడుగున ఉన్న చిన్న ముక్క దగ్గర ఆగింది. తీర్మానం అందగానే, పట్టాలు పడేదాకా ఆగకుండా, మా ఊరి నుంచి ఇప్పటి చివరి స్టేషనుకి మెట్రో వాళ్లే తెల్లవారుజాము నుంచి బస్సులు నడుపుతారట.

ఆ బస్సే చిట్టికి కావలసింది. ల్యాబుకి ఇన్‌చార్జిగా ఉండమని ఆసుపత్రి వాళ్లు అడిగారు. అది ఉదయం షిఫ్టు. మా ఊరి మొదటి బస్సు పట్నం చేరేసరికి అక్కడ సగం పరీక్షలు అయిపోతాయి. పట్నంలో గది తీసుకుంటానంటే అత్తయ్య అన్నం ముట్టలేదు. "రైలొస్తోందిగా, ఇంట్లో ఉండే వెళ్లిరావచ్చు, అందాకా ఆగు" అన్నారు మామయ్య. చిట్టి ఆగింది. ఆసుపత్రి వాళ్లు మాత్రం ఈ నెలాఖరు దాకానే ఆగుతామన్నారు.

మామయ్య కళ్లజోడు తుడుచుకుని పేపరు తీసుకున్నారు. చదువుతున్నకొద్దీ మొహం విప్పారింది. పదేళ్లుగా ఈ రైలు కోసం అర్జీలు పెట్టింది ఆయనే. పట్నం ఆఫీసుల వరండాల్లో బల్లలు అరగదీసిందీ ఆయనే.

"స్టేషన్ ఎక్కడ వేశాడు?"

"ఇదిగో నాన్నా, కాలువ దాటాక."

"దాటాకా?"

"కొత్త కాలనీలో. బాబాయి వార్డు."

"ఓహో," అన్నారు మామయ్య.

ఆ 'ఓహో' విని అత్తయ్య పొయ్యి తగ్గించి బయటికొచ్చింది. సంగతి తెలియగానే, "అదీ సంగతి. అందుకే మొన్న గుమ్మానికి కొత్త రాళ్లు పరిపించింది. అక్కకి ముక్క చెప్పిందా, దొంగమొహం!" అంది.

"సంబంధం కుదిర్చింది నేను, పల్లకీ ఎక్కేది వాడు," అన్నారు మామయ్య. పేపరు మడిచి, కుర్చీ మీద వేసి దాని మీదే కూర్చున్నారు.

ఇందులో ఇంత బాధ ఏమిటో తెలియాలంటే మా కౌన్సిల్ ఆనవాయితీ తెలియాలి. ఏ వార్డులో ఏది కట్టినా శంకుస్థాపన రాతి మీద ఆ వార్డు కౌన్సిలర్ పేరు చైర్మన్ పేరుతో సమానంగా పెద్ద అక్షరాల్లో చెక్కుతారు. మిగతా పేర్లన్నీ అడుగున చీమల బారులా ఉంటాయి. రెండు వార్డుల హద్దు మీద కట్టినదైతే ఇద్దరి పేర్లూ ఒకే కొలతలో పడతాయి. ఊరు మొత్తానికి అలాంటి రాయి ఒక్కటే ఉంది, కాలువ గట్టు మీద మరుగుదొడ్డికి. ఎడమవైపు ఎవరి పేరుండాలో తేలక దానికి చాలాకాలం తాళం వేసే ఉంచారు. జనం పక్కన తుప్పల్లోకి వెళ్లేవారు.

కౌన్సిల్ సమావేశాన్ని ఊరి కేబుల్ చానల్లో చూపిస్తారు. ఆ రోజు మేం ముగ్గురం ఉల్లిపాయలు తరుగుతూ చూశాం. మామయ్య చొక్కా సర్దుకుని లేచారు.

"రైలు అదురుకి గోడలు బీటలు వారతాయి. జనమంతా రైలెక్కి పట్నంలో కొనుక్కుంటే మన బజారు ఈగలు తోలుకోవాలి. పట్నం దొంగలు దర్జాగా టికెట్ కొనుక్కుని మరీ వస్తారు."

చిన్న మామయ్య కూర్చున్నచోటే గొంతు సవరించుకున్నాడు. "నిరుడు దాకా రైలు రాకపోతే ఊరు మునుగుతుందన్నారు అన్నయ్యగారు. ఇప్పుడు వస్తే మునుగుతుందంటున్నారు. మొత్తానికి ముంచడం ఖాయం చేశారు."

సభ ఘొల్లుమంది. మామయ్య చెవులు ఎర్రబడటం టీవీలో కూడా తెలిసింది.

"తమ్ముడికేం, నవ్వుతాడు. అర్జీలు రాసిన చెయ్యి నాది, ఉంగరం తొడుక్కునే వేలు వాడిది."

చైర్మన్ బల్ల మీద చరిచాడు. "మీ ఇంటి తగువు ఇంట్లో తేల్చుకు రండి. అందరూ ఔనంటేనే కాగితం కదిలేది."

చిట్టి కత్తి పక్కన పెట్టింది. "అమ్మా, నువ్వైనా నాన్నకి చెప్పు. నాకు నెలాఖరు దగ్గరకొస్తోంది."

"ఏమని చెప్పను? అది మేడ మీద నిలబడి రైలు చూస్తుంటే, నేను కిటికీలోంచి దాని మేడ చూస్తూ కూర్చోవాలా?"

"చూడకు. ఎవరు చూడమన్నారు?"

"నీకు అక్కచెల్లెళ్లు లేరు. నీకు తెలీదులే."

నాకు చెల్లెలుంది. దాని కొత్తింట్లో వంటగదికి రెండు కిటికీలున్నాయని విన్న రోజు నాకూ ముద్ద దిగలేదు. అందుకే మాట్లాడకుండా ఉల్లిపాయలు తరిగాను. కళ్లలో నీళ్లకి కారణం ఎవరూ అడగరు.

ఆదివారం చిట్టి తనే వెళ్లి పిన్నినీ చిన్న మామయ్యనీ భోజనానికి పిలుచుకొచ్చింది. పిన్ని వస్తూనే మా తెర గుడ్డలు తడిమింది. "బాగున్నాయి అక్కా, ఇలాంటివే మా పనమ్మాయికి ఇచ్చాను" అంది. అత్తయ్య చెల్లెలికి అన్ని గిన్నెలూ దగ్గరికి జరిపింది, నీళ్లు తప్ప.

భోజనాలు సగమయ్యాక చిట్టి ఉప్పు డబ్బాని బల్ల మధ్యలో పెట్టింది. "ఇది స్టేషన్ అనుకోండి. ఇది ఎక్కడుంటే మీ ఇద్దరికీ నిద్ర పడుతుందో చెప్పండి."

చిన్న మామయ్య డబ్బాని తన కంచం వైపు జరుపుకున్నాడు. మామయ్య ఇటు లాక్కున్నారు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక చిన్న మామయ్య గరిటె తీసి అడ్డంగా పెట్టాడు. "ఇది కాలువ. హద్దు. గరిటె మీద పెడితే?"

మామయ్య నమలడం ఆపారు. "రెండు పేర్లూ ఒకే కొలతా?"

"ఒకే కొలత. ఎడమవైపు మీరే ఉండండి అన్నయ్యా, పెద్దవారు."

"అక్కడ కాలువ ఉంది నాన్నా," అంది చిట్టి.

"ఉంటే ఏం? దాటడానికి వంతెన వేస్తారు. వంతెనకి ఇంకో రాయి!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేను కాపురానికొచ్చాక ఆ ఇద్దరూ కలిసి నవ్వడం అదే చూడటం. గరిటె మీద ఉప్పు డబ్బా ఒరిగి కాస్త ఉప్పు ఒలికినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ వారమే తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. స్టేషన్ రెండు వార్డుల హద్దు మీదే ఉండాలని అందులో ఒక షరతు. చిట్టి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఉదయం షిఫ్టుకి సరేనంది. ఆ రోజు ఇత్తడి పలక తనే తోమింది.

తరువాతి వారం మెట్రో ఇంజనీరు వచ్చింది. చెప్పుల నిండా కాలువ బురద. వాటిని మెట్ల కిందే వదిలి, ముందు గదిలో కూర్చుని నక్షా బల్ల మీద పరిచింది. అటువైపు చిన్న మామయ్య, ఇటువైపు మామయ్య. వెనక అక్కాచెల్లెళ్లు. నేను టీ అందించాను. చిట్టి గుమ్మంలో నిలబడింది.

"కాలువ దగ్గర లైను వంపు తిరుగుతుంది సర్. వంపులో స్టేషన్ కట్టం. రైలు పెట్టెకీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు వస్తుంది, జనం కాళ్లు పడతాయి," అంది ఆమె. "కాస్త అటు జరిపితే కొత్త కాలనీ, ఇటు జరిపితే పాత బజారు. రెండు చోట్లా లైను తిన్నగానే ఉంది. మాకు ఏదైనా ఒకటే. మీరిద్దరూ అటో ఇటో ఒక్క మాట చెబితే షరతు కొట్టేస్తాం. బస్సులు వచ్చే సోమవారం నుంచే."

"మొదట మీరు గీసిన చోటే ఉంచండి," అన్నాడు చిన్న మామయ్య.

"అదెలా? ఇటు జరపండి," అన్నారు మామయ్య.

"ఇద్దరూ ఒకటే చెప్పాలి సర్."

ఇంజనీరు టీ తాగింది. పిన్ని మెడలో గొలుసు సవరించుకుంది. అత్తయ్య ఆ గొలుసు వైపే చూస్తోంది.

"పెద్దవారు కదా, అన్నయ్యగారే చెప్పాలి," అన్నాడు చిన్న మామయ్య.

"చిన్నవాడు కదా, తమ్ముడే తగ్గాలి."

"మీలో ఎవరు తగ్గినా సరే. నక్షా ఈ సాయంత్రం పైకి వెళ్లిపోతుంది," అంది ఇంజనీరు. "ఇది తేలకపోతే లైను పక్క ఊరి దగ్గరే ఆపమన్నారు. వాళ్లు ఏ షరతూ లేకుండా తీర్మానం పంపారు. బస్సులూ వాళ్లకే వెళ్తాయి."

చిట్టి గుమ్మం దాటి లోపలికొచ్చింది. తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాన్నా, అటు అనండి. ఒక్క మాట. పదేళ్లు మీరు తిరిగారని నాకు తెలుసు. రాయి మీద లేకపోతే పోనీండి."

మామయ్య కూతురి చెయ్యి చూశారు. ఆ చెయ్యి మీద తన చెయ్యి వేశారు. పెదవులు విడ్డాయి. అంటారనే అనుకున్నాను. అత్తయ్య కూడా అనుకున్నట్టుంది.

"అనండి అన్నయ్యా," అన్నాడు చిన్న మామయ్య, నవ్వాపుకోలేక. "మీ పేరు నేను మర్చిపోతానా? అడుగున వేయిస్తాగా."

పిన్ని కొంగు చాటున కిసుక్కుమంది. మామయ్య నోరు మూసుకున్నారు. కూతురి చేతి మీది చెయ్యి తీసి కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఆలోచించి చెబుతాం అమ్మా."

"అయితే ఇక మా పని అయిపోయినట్టే సర్."

ఆమె నక్షా చుట్టి, మెట్ల కింద చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. చిట్టి లేచి లోపలికి వెళ్లింది. బయట ఇంజనీరు కారు మలుపు తిరిగింది.

"పక్క ఊరికా!" అన్నారు మామయ్య హఠాత్తుగా.

"ఆ ఊరికి బస్టాండే ఎక్కువ," అన్నాడు చిన్న మామయ్య.

"వాళ్ల చైర్మన్ మొహం చూశావా ఎప్పుడైనా? ఆ మొహానికి రాయి!"

"పాలరాయి వేయిస్తాడు అన్నయ్యా, చూస్తూండండి. వాడి సంగతి నాకు తెలుసు."

"మా ఆయన మేనత్త అక్కడే ఉంది అక్కా," అంది పిన్ని దిగులుగా. "ఇక ఆవిడ నోటికి పట్టపగ్గాలుండవు."

"ఉండవే. మనింటికొచ్చి మరీ చెబుతుంది," అంది అత్తయ్య, చెల్లెలి పక్కన కూర్చుంటూ. అందరికీ ఒకే మంట దొరికేసరికి గదిలో ఎన్నడూ లేని సఖ్యత వచ్చింది. మళ్లీ టీ పెట్టమన్నారు.

వంటగదిలోకి వెళ్తుంటే చిట్టి గదిలో జిప్పు లాగిన చప్పుడైంది. తలుపు తీసే ఉంది. మంచం మీద నీలం బ్యాగు. బట్టలు, ల్యాబు కోటు, ఫోన్ చార్జరు సర్దుతోంది. నన్ను చూసింది గానీ చేతులు ఆపలేదు. ఆగమని చెప్పాలి నేను. అత్తయ్యని పిలవాలి. ఆ బ్యాగు వైపు చూస్తూ నిలబడిపోయాను. నేను కాపురానికి తెచ్చుకున్న పెట్టె అటక మీద ఉంది, దాని నిండా పాత దుప్పట్లు. ఆ క్షణంలో లోకంలో మరెవరి మీదా లేనంత కుళ్లు నాకు చిట్టి మీద కలిగింది.

పొయ్యి మీద పాలు పొంగాయి. ఆపి, కప్పులు పళ్లెంలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి చిట్టి బ్యాగు భుజాన వేసుకుని వాళ్ల మధ్య నుంచి వెళ్తోంది.

"చిట్టీ, ఆ ఫ్యాను కాస్త పెంచు," అంది అత్తయ్య, తలెత్తకుండానే.

చిట్టి ఫ్యాను పెంచింది. మామయ్య మాత్రం ఆ బ్యాగు చూశారు. ఆయన చేతిలో కళ్లజోడు ఆగింది.

"ఆ పాలరాయి కూడా దిగుమతి సరుకే తెప్పిస్తాడు అన్నయ్యా," అంటున్నాడు చిన్న మామయ్య.

"తెప్పించనీ," అన్నారు మామయ్య, వాకిలి వైపే చూస్తూ.

చిట్టి మెట్లు దిగింది. చెప్పులు వేసుకుంది. పొద్దున తోమిన పలక ఎండకి కళ్లల్లో కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు తీసింది, బయటికి వెళ్లి గడియ మళ్లీ జాగ్రత్తగా వేసి, బస్సు రోడ్డు వైపు నడిచింది.