గుంట గట్టున ఎర్రగుడ్డ

ఆ రెండో శనివారం పొద్దున మా ఇంట్లో గొడవ బాత్‌రూమ్ మగ్గు దగ్గర మొదలైంది.

"నీలం మగ్గు ఏదమ్మా? చెంబుతో పోసుకుంటే నా తల ఇంకా జిడ్డుగానే ఉండాది," అంటూ తడిజుట్టుతో బయటికి వచ్చింది అబిగయీలు. మా పెద్దమ్మాయి, తొమ్మిదో తరగతి. "మెర్లినే తీసుంటాది. మొన్న దాంట్లో మట్టి పిసికింది."

మెర్లిన్ ఐదో తరగతి. అక్క ఒకటంటే తను నాలుగు అంటుంది. ఆ రోజు మాత్రం దువ్వెన పళ్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుని, "ఆఁ, నేనే పారేసినా," అంది.

"యాడ?"

"తెలవదు."

"పారేసినదానివి నీకే తెలవకుంటే పక్కింటి ఆంటీకి తెలుస్తాదా?"

"మగ్గు కోసం కోర్టుకు పోతారా ఏంది? చాల్లే," అని ఇద్దరినీ కసిరాను. కానీ మెర్లిన్ అంత తొందరగా తప్పు ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. ఒప్పుకుంటూ అది పెరటి తలుపు వైపు ఒకసారి చూసింది.

మగ్గు పెరట్లోనే దొరికింది. బట్టలుతికే రాయి వెనక, మీద పళ్లెం బోర్లించి ఉంది. లోపల కాసిని నీళ్లు, మూడు రొయ్యలు.

మా ఆయన సుశీల్ కుమార్ కూరకు రొయ్యలు తెస్తే బుట్ట తెచ్చి నా ముందు పెట్టి, ఎంత లావున్నాయో చూడమంటారు. మగ్గులో వేసి, పళ్లెం కప్పి, రాయి వెనక దాచరు. ఒక రొయ్య తలమీది పెంకు ఊడదీసి ఎండకు పట్టి చూశాను. తెల్లటి చుక్కలు. కుళాయి కింద పెట్టి రుద్దాను. పోలేదు. నేను డిగ్రీలో చదివింది జువాలజీ. పుస్తకంలోది చాలామటుకు మరిచిపోయాను గానీ, రొయ్యల గుంట ఉన్న ఇంట్లో ఆ చుక్కలు గుర్తుపట్టడానికి డిగ్రీ అక్కర్లేదు.

మైపాడు వైపు పోయే ఒక ఉప్పుకాలువ ఒడ్డున మాదీ కలిపి మొత్తం పదిహేను గుంటలున్నాయి. అందరూ ఆ కాలువ నీళ్లే తోడుకుంటారు, వాడినవి మళ్లీ ఆ కాలువలోకే వదులుతారు. ఒక గుంటలో తెల్లమచ్చ జబ్బు వచ్చి, ఆ నీళ్లు కాలువలో పడితే మిగతా పద్నాలుగుకీ పాకుతుంది. అందుకని రైతులందరూ కలిసి పెంచల్‌ను నాయకుడిగా పెట్టుకుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. జబ్బు కనబడినవాళ్లు వెంటనే చెప్పాలి. గట్టుమీద ఎర్రగుడ్డ కట్టాలి; కాళ్ల బురదతో జబ్బు పాకకుండా, పనిలేనివాళ్లు ఆ గట్టు ఎక్కకూడదు. రొయ్యలు పట్టేశాక నీళ్లకు బ్లీచింగ్ వేయాలి. పెంచల్ సరేననేదాకా నీళ్లు వదిలే తూము ఎత్తకూడదు.

పోయిన ఎండాకాలం జబ్బు మొదట పెంచల్ గుంటకే వచ్చింది. ఎవరికీ తెలియకముందే అతను ఎర్రగుడ్డ కట్టేశాడు. అతని పంట పోయింది. మా పంట నిలిచింది.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి సముద్రం పోటు. అందరూ కొత్తనీళ్లకు మోటార్లు వేసే రోజు. ఒంటిగంటలోపు ఎవరి గుంట ఎలా ఉందో చెప్పమని రైతుల వాట్సాప్ గ్రూపులో పెంచల్ పొద్దున్నే మెసేజ్ పెట్టాడు.

పదకొండింటికి మా ఆయన గుంట దగ్గర్నుంచి వచ్చారు. మోకాళ్లదాకా బురద. పళ్లెం తీసేసి మగ్గును రాయి మీద పెట్టి ఉంచాను. చూసి ఆగిపోయారు.

"చెప్పొద్దన్నానే పిల్లకి."

"అది చెప్పలా. తనే పారేసినానని చెప్పి, వాళ్ల అక్క చేత తిట్లు తినింది."

ఆయన కుళాయి తిప్పి కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఒకే కాలు ఎంతోసేపు కడిగారు.

"పడమటి మూలన ఏవో నాలుగైదు రొయ్యలకే కరుణా. తినేసి పోయి తూము ఎత్తుతా. సగం నీళ్లు దించి, పోటుకి కొత్తనీళ్లు పెడితే అవే తేరుకుంటాయి."

"దించిన నీళ్లు యాడికి పోతాయి?"

"కాలవలోకి."

"నాలుగింటికి ఆ కాలవలో మోటార్లు వేసేదెవరు?"

ఆయన రెండో కాలు కుళాయి కింద పెట్టారు.

"పద్నాలుగు గుంటలండీ."

"నాకు చెప్పబాక! నాకు తెలవదా?" అని అరిచి, పిల్లలు వింటారని గొంతు తగ్గించారు. "ఎర్రగుడ్డ కడితే సోమవారం రొయ్యలు కొనేవాడు ఈ పక్కకే రాడు. ఇంక పెంచల్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల. నిన్నమొన్నటిదాకా నా ఎనకాల వల మోసినోడు వాడు."

"పోయినేడు గుడ్డ కట్టినప్పుడు పెంచల్ ఎవరి ముందు నిలబడినాడు?"

ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూశారు. అవి కాళ్లకే ఉన్నాయి.

"మొన్న అబిగయీలుకి ఏం చెప్పినారో గుర్తుండాదా?" అన్నాను.

ఖోఖో జట్టులో తనను మొదట ఆడించలేదని అబిగయీలు అలిగి పేరు తీసేయించుకుంది. అప్పుడు ఈయనే దాన్ని కూర్చోబెట్టుకుని, "మీ కెప్టెన్ కష్టమైన ఆటకి తను ముందు దిగతాదా, మిమ్మల్ని తోస్తాదా?" అని అడిగారు. తనే దిగుతుందని అది ఒప్పుకుంది. "అట్టాంటి పిల్ల మాట వింటే తక్కువైపోవు. రేపే పోయి జట్టులో నిలబడు," అన్నారు. అది పోయింది.

ఆయన పెరటి మూల గొయ్యి తీశారు. మగ్గులోవి అందులో పూడ్చి, ఇంట్లోకి వెళ్లారు. కాసేపటికి తూము పలకలు ఎత్తే ఇనప కొక్కెం వీధి తలుపుకు ఆనించి ఉండడం చూశాను. నా చేతులు వంట చేస్తున్నాయి గానీ కళ్లు ఆ కొక్కెం మీదే ఉన్నాయి.

పన్నెండున్నరకు అన్నాలకు కూర్చున్నాం. పప్పు, వంకాయ కూర. శనివారం ప్రార్థన మెర్లిన్ వంతు. అన్నం కోసం స్తోత్రం చెప్పింది, నెల్లూరులో ఉన్న అవ్వను తలుచుకుంది. రోజూ "మా గుంటను కాపాడు ప్రభువా" అని ఒక మాట అంటుంది. ఆ రోజు అక్కడికొచ్చి ఆగింది. ఆ మాట వదిలేసి, "ఆమేన్" అంది.

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు. ముద్ద మాత్రం నోట్లో పెట్టుకోలేదు.

ఆయన ఫోను మోగింది. కిటికీ దగ్గర చార్జింగులో ఉంటే అబిగయీలు లేచి తెచ్చి, స్పీకర్ పెట్టి ఆయన ముందు పట్టుకుంది.

"సుశీలన్నా, తింటాండావా?" పెంచల్ గొంతు.

"ఆఁ, చెప్పు."

"నీదొక్కటే మిగిలిందన్నా. పద్నాలుగూ బాగుండాయని చెప్పినారు. నువ్వు కూడా సరేనంటే మోటార్లు వేసుకోమని మెసేజ్ పెట్టేస్తా."

బాగుంది అంటే సరిపోతుంది. ఒక్క మాట. మెర్లిన్ వేళ్లు అన్నంలో ఆగిపోయాయి. అది వాళ్ల నాన్న ముఖం చూడలేదు. ఆయన ఏం చెబుతారో ముందే తెలిసినట్టు కంచంలోకే చూస్తోంది. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"అన్నా? ఉండావా?"

"ఉండా." ఆయన కలిపిన ముద్ద కంచంలో వదిలేశారు. "నా గుంటలో వచ్చింది పెంచల్. పడమటి మూల. పొద్దున చూసినా."

పెంచల్ మొదట అడిగింది ఒక్కటే. "నీళ్లు వదిలినావా?"

"లేదు."

పెంచల్ ఊపిరి వదలడం మా అందరికీ వినబడింది. "అయితే కాలవకేం కాలా. వదలబాకన్నా. నీ వల, బుట్టలు గట్టు దాటనీబాక. రొయ్యలు పట్టేదానికి మనుషుల్ని నేను మాట్లాడతా. బ్లీచింగ్ మూటలు నా కాడ రెండుండాయి, రోడ్డు పక్కన దించిపోతా. నేను గట్టు మీదికి రాను, ఏమనుకోబాక."

"ఏమనుకోనులే."

"సరే. అన్నం తిను. సగంలో లేవబాక."

అబిగయీలు ఫోను కట్టేసి అలాగే నిలబడింది. ఆయన రెండు ముద్దలు తిన్నారు. మూడోది కలుపుతూ, "మెర్లిన్," అన్నారు.

అది తలెత్తింది.

"మగ్గు తీసుకుపోయింది నేను. మీ అక్క తిట్లు నేను తినాల్సింది."

"డాడీనా!" అంది అబిగయీలు.

"ఊఁ. నేనే." ఆయన మా ముగ్గురినీ చూశారు. "తిన్నాక పోయి ఎర్రగుడ్డ కడతా. తూము ఎత్తను. పెంచల్ ఎప్పుడు వదలమంటే అప్పుడే నీళ్లు వదిలేది. మీరిద్దరూ వచ్చి చూడండి, కానీ గట్టు ఎక్కబాకండి. కట్టుబాటు మనకీ అంతే. రోడ్డు మీదే నిలబడాల."