ముప్పై ఒకటో పేజీ

నేను ఒక పుస్తకాన్ని. కాగితం లేదు, అట్ట లేదు, చెదలు పట్టే యోగం కూడా లేదు. నలభై ఎనిమిది పేజీల కంప్యూటరు ఫైలుని. చెరకు గానుగ కొన్నవాళ్ళు దాన్ని ఎలా నడపాలో, ఎలా ఆపాలో, అందులో మనిషి చెయ్యి పడితే ఎలా తియ్యాలో నాలో రాసి ఉంది. గొప్పలు చెప్పుకోవడానికి రాలేదు. ఒక ఆడమనిషి కుడి చెయ్యి పోయింది. అది పోతున్నంతసేపూ నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతి చెప్పాలి.

నన్ను రాసింది హైమవతి. హైదరాబాదులో గానుగలు తయారుచేసే మా కంపెనీలో ఆవిడ పని యంత్రాలకు పుస్తకాలు రాయడం. నన్ను మొదలుపెట్టే ముందు బెల్లం వండే ఊళ్ళు పది తిరిగింది. వేళ్ళు లేని చేతులు, అరచెయ్యే లేని చేతులు చూసింది. వచ్చాక ముప్పై ఒకటో పేజీ ఒక్కదాని మీదే మూడు వారాలు కూర్చుంది. మోటారు ఆపండి. దాన్ని వెనక్కి తిప్పకండి; తిప్పితే చెయ్యి బయటికి రాదు, పక్క రోలరు అందుకుని మళ్ళీ నలుపుతుంది. పైన ఎర్ర రంగు వేసిన రెండు బోల్టులు విప్పండి, పై రోలరు లేస్తుంది. ఇంతే, పక్కన ఒక బొమ్మ. నాలుగు నిమిషాల పని.

అక్కడినుంచి శశిభూషణ్ గారి చేతిలో పడ్డాను. కంపెనీ వెబ్‌సైటు చూసుకునే పని ఆయనది. ఈ రోజుల్లో అచ్చు పుస్తకం ఎవరు చదువుతారండీ అని నన్ను అచ్చు వెయ్యనివ్వలేదు. గానుగ మీద 'వివరాలకు మా వెబ్‌సైటు చూడండి' అని స్టిక్కరు మాత్రం అంటించారు. సైటు ముందు పేజీ నిండా నవ్వుతున్న ఒక రైతు. అతగాడి తలపాగా ఏ జిల్లాదో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. నన్ను 'మా గురించి'లోకి వెళ్ళి, 'వనరులు' నొక్కి, 'పత్రాలు' నొక్కి, సంవత్సరం ఎంచుకుని, ఫోను నంబరూ మిషను నంబరూ ఇస్తే గానీ దొరకని చోట పడేశారు. నన్ను ముందు పేజీలో పెట్టమని హైమవతి మూడుసార్లు అడిగింది. ముందు పేజీలో చేతులు తెగే సంగతులేమిటండీ, కొనేవాడు జడుసుకోడూ అని ఆయన కొట్టిపారేశాడు.

దానికి తోడు నా పేరు 'చెరకు రస సంగ్రహణ యంత్రం - వినియోగ దర్శిని'. భూమ్మీద ఆ మాట నోటితో అన్నవాడు లేడు. అనకాపల్లి వైపు దాన్ని గానుగ అంటారండీ, ఆ మాట పెట్టండి అని కూడా హైమవతి మొత్తుకుంది. గానుగంటే నూనె కదండీ అని ఆయన నవ్వాడు. హైదరాబాదు కొట్లలో ఆయన విన్నది గానుగ నూనె ఒక్కటే మరి. మా కంపెనీ నూనె మిషన్లు కూడా అమ్ముతుంది. గానుగ అన్న మాట తీసుకెళ్ళి వాటికి కట్టబెట్టాడు మహానుభావుడు.

అనకాపల్లి దగ్గర ఆడారి సూరిబాబు అనే రైతు మా గానుగ కొన్నాడు. దానికి చెరకు అందించే పని నూకరత్నానిది, పక్కన బెల్లం వండే పెనం కింద మంట వేసే పని ఆమె మొగుడు పైడయ్యది. మాఘమాసంలో ఒకనాడు పొద్దున్న పది దాటాక, చెరకు గడతో పాటు నూకరత్నం చీర చెంగు లోపలికి పోయింది. చెంగు లాక్కోబోతే చెయ్యి పోయింది. సూరిబాబు పరిగెత్తుకెళ్ళి మోటారు ఆపేసరికి మణికట్టు దాకా రోలర్ల మధ్య ఉంది. రసం కారే తొట్టిలోకి నెత్తురు కారుతోంది.

పైడయ్య గునపం తెచ్చి గానుగ డొక్కలో పొడిచాడు. మా కంపెనీ ఇనుము గట్టిది, సొట్ట కూడా పడలేదు. సూరిబాబు స్టిక్కరు చూసి ఫోను తీశాడు. అతను వెతికిన మాటలు అక్కడ వెతుకుతుండగానే నాకు ఇక్కడ వినబడ్డాయి. 'గానుగ చెయ్యి పడింది' అని కొట్టాడు. మా సైటు అతనికి నూనె మిషను చూపించి, పండగ తగ్గింపు ఉందని చెప్పింది. 'గానుగ విప్పడం' అని కొట్టాడు. మళ్ళీ నూనె మిషనే. నేను ఉన్నానురా నాయనా, ఇక్కడే చచ్చానురా అని నేను అరిచినా ఎవరికి వినబడుతుంది? ఆ పేరు నాది కాదన్నారు, నన్ను కదలనివ్వలేదు.

అవీ ఇవీ నొక్కి చివరికి నా గుమ్మం దాకా వచ్చాడు. మిషను నంబరు అడిగింది సైటు. ఆ నంబరు రేకు రోలర్ల కింద, సరిగ్గా నెత్తురు కారే చోట ఉంది. తువ్వాలుతో తుడిచి రెండంకెలు చదివేలోపు మళ్ళీ నిండిపోయేది. మూడుసార్లు తుడిచాడు. ఈలోపు చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో మోటారు వెనక్కి తిప్పమన్నారు. అరుస్తున్న పెళ్ళాన్ని చూడలేక పైడయ్య సరేనన్నాడు, స్విచ్చి తనే వేశాడు. పక్క రోలరు అందుకుంది. ఎముకలు విరిగిన చప్పుడు పొయ్యి దగ్గరవాళ్ళకు కూడా వినబడిందట. సరిగ్గా అప్పుడు నేను సూరిబాబు ఫోనులో తెరుచుకున్నాను. వెనక్కి తిప్పకండి అన్న మాట అతను పైకి చదివాడు. అది విని పైడయ్య తల గానుగకేసి బాదుకున్నాడు. వెతకడం మొదలుపెట్టి ఇరవయ్యారు నిమిషాలయింది. తర్వాత బోల్టులు విప్పి తీశారు గానీ, ఆసుపత్రిలో మోచేతి దాకా కోసేశారు.

నలభై రోజులు గడిచాక నూకరత్నం, పైడయ్య, సూరిబాబు ముగ్గురూ హైదరాబాదు వచ్చారు. పైడయ్య గోనెలో చుట్టి గునపం తెచ్చుకున్నాడు. మా ఆఫీసు అద్దాల తలుపు ఒక్క పోటుకు రాలింది. గోడ మీద పెద్ద తెరలో తలపాగా రైతు నవ్వుతుంటే ఆ మొహం మీద రెండోది వేశాడు. కాపలావాడు పట్టుకోబోయి భుజం మీద దెబ్బ తిని కూలబడ్డాడు. నూకరత్నం వద్దు వద్దని వెనక నుంచి చొక్కా లాగింది గానీ ఒంటి చేత్తో ఏం ఆపగలదు? సైటు ఎవరిదని అడుగుతూ లోపలికెళ్ళి పైడయ్య శశిభూషణ్ గారి కుడిచెయ్యి బల్లకేసి అదిమిపట్టి, దాని మీదికి గునపం ఎత్తాడు.

"నాను సదువుకోనేదు బాబూ. నువ్వు సదువుకున్నావు. నీ పుస్తకం నీ సైటులో నువ్వే తియ్యి. మాకు పట్టినంతసేపే నీకూ ఇస్తన్నాను."

శశిభూషణ్ గారు తన కంప్యూటరులో ఎడమచేత్తో వెతికాడు. గానుగ అని కొట్టాడు, నూనె వచ్చింది. నన్ను ఎక్కడ పడేశాడో ఆయనకే గుర్తు లేదు. నుదుటి చెమట అక్షరాల మీద పడుతోంది. నిజం చెప్పొద్దూ, నాకు జాలి కలగలేదు. దొరక్కూడదనే కోరుకున్నాను. గోడ గడియారంలో పంతొమ్మిది నిమిషాలు గడిచాయి. ఆయన ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు హైమవతి వచ్చి గునపానికీ ఆ చేతికీ మధ్య తన చెయ్యి పెట్టింది. ఆ పుస్తకం రాసింది నేను, కొడితే నన్ను కొట్టు అంది. పైడయ్య కొట్టలేదు, గునపం దించనూ లేదు. ఆవిడ నూకరత్నాన్ని దగ్గరికి పిలిచి, మీ ఊళ్ళో ఈ మిషనుని ఏమంటారు, చెయ్యి పడితే ఏ మాట అని వెతుకుతారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. వాళ్ళ కళ్ళముందే, శశిభూషణ్ గారి కంప్యూటరులోనే, నన్ను ఆ చెత్తకుప్పలోంచి లాగి, నంబర్ల గోల తీసేసి, 'గానుగలో చెయ్యి పడిందా? ఇక్కడ నొక్కండి' అని ముందు పేజీలో అన్నిటికంటే పైన పెట్టింది. తలపాగా రైతు ఎగిరిపోయాడు. నువ్వే నొక్కి చూడమ్మా అని కంప్యూటరుని నూకరత్నం ముందుకు జరిపింది.

నూకరత్నం ఎడమచేతి వేలితో నొక్కింది. రెప్పపాటులో తెరుచుకున్నాను, నేరుగా ముప్పై ఒకటో పేజీ. ఆమెకు చదువు రాదు, బొమ్మ చూసింది. ఎర్ర బోల్టుల మీద వేలు పెట్టింది.

"ఈ రెండు బోల్టులేనా అమ్మా? ఎర్రగున్నాయి గదాని రోజూ పొద్దున్న మిసను ఎయ్యకముందు ఈటికే బొట్టెట్టీదాన్ని."

పైడయ్య చేతిలోంచి గునపం జారి నేల మీద పడింది.