ఎవరికీ చెప్పని నీళ్ళు

చల్లదనం ముందు మడమలకు తెలిసింది.

తర్వాత మోకాళ్ళకు. ఆ తర్వాత, ఎందుకో, పళ్ళకు.

జూన్ వచ్చినా కొండ మీద మంచు కరుగుతూనే ఉంది. కరిగిందంతా నెజాసా ఏటిలోకే దిగుతోంది. సుగియె ఆ ఏటి పక్కనే నలభై నాలుగేళ్ళు కాపురం చేసింది. అందులో ముల్లంగి కడిగింది. దుప్పట్లు జాడించింది.

గాలం పట్టుకుని దిగడం మాత్రం ఇదే మొదలు.

ఆమెకు డెబ్బై రెండేళ్ళు.

చేపలు పట్టడం ఆమె మొగుడు కనెజో పని. ఏటా మంచు కరగడం మొదలైనప్పటి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా. తెల్లారకముందే వెళ్ళేవాడు, బుట్టనిండా యమామె చేపలతో వచ్చేవాడు. కింద వేడినీటి బుగ్గల దగ్గరి సత్రాల వాళ్ళు వాటి కోసం వాకిట్లో కాచుకుని ఉండేవాళ్ళు.

ఎర పెట్టేవాడు కాదు. ఒక కర్ర. ఒక దారం. దారం చివర ఒక దొంగ ఈగ — కొక్కేనికి పట్టుదారంతో చుట్టిన అడవికోడి ఈక. అంతే.

ఆ ఈగల్ని కట్టేది సుగియె.

బయట మంచు కిటికీ దాకా పేరుకుంటే, లోపల, కింద నిప్పులు పెట్టిన పొట్టి బల్ల దగ్గర కూర్చుని కట్టేది. ఒక్కో చలికాలం రెండు వందలు. నలభై నాలుగు చలికాలాలు.

వాటిలో ఒక్కటైనా నీళ్ళలో ఎలా ఉంటుందో ఆమె చూడలేదు.

ఆడవాళ్ళు ఏట్లో గాలం వెయ్యకూడదు. కొండదేవత కూడా ఆడదే, ఇంకో ఆడదాన్ని చూస్తే ఓర్వలేదు, చేపల్ని దాచేస్తుంది... అలా అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు.

నిరుడు ఆగస్టులో కనెజో కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు కూడా. ఏడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చాక రెండు చెంచాల గంజి తాగి మొహం తిప్పుకునేవాడు. చెరువులో పెంచిన చేపను కొని, ఉప్పు పట్టించి కాల్చి పెడితే, వాసన చూసి పళ్ళెం తోసేశాడు.

"ఇది చేపా? తవుడు ముద్ద."

మనిషి చిక్కిపోతున్నాడు. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది.

ఒక పొద్దున సుగియె అటక మీంచి కర్ర దించింది.

"ఏం చేస్తావు దాంతో? బట్టలారేస్తావా?"

"నాకు నేర్పు."

"ఆడది దిగితే కొండమ్మకి కోపమొస్తుంది."

"ఆ చేప పేరు ఎలా రాస్తారో చెప్పు చూద్దాం."

అది ఇద్దరికీ తెలుసు. చెప్పక్కర్లేదు. యమామె — బొమ్మలక్షరాల్లో రాస్తే రెండే అక్షరాలు. ఒకటి కొండ. ఒకటి ఆడది.

"నీళ్ళనిండా అంతమంది ఆడవాళ్ళుంటే రాని కోపం, ఈ ముసలిది దిగితేనే వస్తుందా?"

అతని నోరు ఎడమ పక్కకి కొంచెం కదిలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

పెరట్లో కుర్చీ వేయించుకున్నాడు. పది అడుగుల దూరంలో పాత చాట పెట్టించాడు. దొంగ ఈగ వచ్చి ఆ చాటలో వాలాలి.

వాలదు.

ముల్లంగి ఆకుల్లో చిక్కుకుంటుంది. ఆమె జుట్టులో చిక్కుకుంటుంది. ఒకసారి కనెజో టోపీలో చిక్కుకుంది.

"చెయ్యి కాదే, మణికట్టు! ఈగల్ని తోలుతున్నావా, ఈగని వేస్తున్నావా?"

"నీ చెయ్యి బాగుండగా నేర్పితే ఏం పోయేది?"

అతను ఎడమ చేత్తో గాలిలో చూపించాడు. పైకెత్తు. నెత్తి మీద ఆపు. ఊపిరంత సేపు. వదిలెయ్.

పైకెత్తు... ఆపు... వదిలెయ్.

జూన్ మొదట్లో చాటలో వాలింది. మర్నాడు సుగియె ఏటికి వెళ్ళింది.

ఏరు చాట కాదు.

నీడ పడితే చేప పోతుంది. రాయి కదిలితే పోతుంది. ఆమె వంగి వంగి, దిగువ నుంచి ఎగువకు, కొంగలా నడిచింది. దారం విసిరింది. దొంగ ఈగ నీళ్ళ మీద వాలి, కాస్త మునిగింది.

అప్పుడు చూసింది.

ఈకలు విచ్చుకున్నాయి. ముడుచుకున్నాయి. మళ్ళీ విచ్చుకున్నాయి.

ఊపిరి తీసుకుంటున్నట్టు.

తన వేళ్ళతో చుట్టింది. తన పళ్ళతో దారం తెంపింది. చచ్చిన కోడి ఈక అది... బతికి ఉంది.

ఏదో తెల్లగా మెరిసింది. ఈగను నోట కరిచి ఉమ్మేసి వెళ్ళిపోయింది. కర్ర లేపాలని ఆమెకు గుర్తే రాలేదు.

"పడిందా?" అన్నాడు కనెజో సాయంత్రం.

"లేదు."

జూన్ పోయింది. జూలై పోయింది. ఆగస్టులో నీళ్ళు సన్నబడ్డాయి. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. కానీ ఆ ప్రశ్న అడగడానికి అతను సాయంత్రం దాకా మేలుకుని ఉంటున్నాడు. గంజి సగం గిన్నె తాగుతున్నాడు.

సెప్టెంబరు ఇరవై ఏడు. వేట మూసెయ్యడానికి ఇంకా మూడు రోజులు.

"చెయ్యి ఇలా పట్టు," అన్నాడు.

ఆమె అరచేతి మీద ఎడమ చూపుడు వేలితో గీత గీశాడు. ఇది ఏరు. ఇక్కడ కూలిపోయిన కాలిబాట వంతెన — దాని కింద ఆగకు, అక్కడ కప్పలు తప్ప ఏమీ ఉండవు. ఇది బొగ్గుబట్టీ. అది దాటి ఎడమకి ఎక్కు. ఇక్కడ నల్లబండ. దాని వెనక మడుగు.

"మా తమ్ముడికి కూడా చెప్పలేదు."

ఆమె అరచెయ్యి మూసింది.

మర్నాడు వెళ్ళింది. వంతెన దాటింది. బట్టీ దాటింది. ఎడమకి ఎక్కింది. జారితే చెట్ల వేళ్ళు పట్టుకుంది. పైన ఆగి, ఊపిరి తీసుకుని, చూసింది.

రాళ్ళు.

తెల్లటి, ఎండిన, గుండ్రటి రాళ్ళు. కింద ఎక్కడో నీటి చప్పుడు, కంటికి మాత్రం ఆనదు. నల్లబండ లేదు. నిరుడు అక్టోబరు తుఫానుకి కొండ చరియ జారింది. అప్పుడు కనెజో ఆసుపత్రిలో ఉన్నాడు.

సుగియె ఒక రాయి మీద కూర్చుంది. ఏడవలేదు. కాసేపు కూర్చుని లేచింది.

దిగి వచ్చి, కూలిన వంతెన దగ్గర అన్నం ముద్ద విప్పింది. మధ్యలో ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. మోకాలి లోతు నీళ్ళు. తెల్లటి ఇసుక. కప్పల చోటు.

వంతెన దుంగ నీడలో నీటి మీద చిన్న సున్నా ఒకటి లేచింది.

మళ్ళీ లేచింది.

ముద్ద పక్కన పెట్టింది. నిలబడలేదు. కూర్చున్న చోటి నుంచే — ఎత్తు... ఆపు... వదిలెయ్.

ఈకలు విచ్చుకున్నాయి.

ముడుచుకునే లోపు దారం ఆగిపోయింది. ఈసారి మణికట్టు తనంతట తనే లేచింది.

కర్ర వంగింది. చెయ్యి వణికింది. వణికించేది తన ముసలితనం కాదని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

జానెడు పైనే ఉంది. వెండి ఒళ్ళు, పక్కన వరసగా ఊదా మచ్చలు, ఎవరో వేలిముద్రలు వేసినట్టు. అంత అందమైనదాన్ని తల మీద రాయితో కొట్టాలి. కొట్టింది. చేతులు కడుక్కుంది.

ఇంట్లో కనెజో ఆ చేపను ఎడమ చేత్తో తిరగేశాడు.

"తెల్లగా ఉందే. మడుగులో చేప నల్లబడుతుంది."

సుగియె ఉప్పు డబ్బా కోసం వెతికింది. డబ్బా ఎదురుగానే ఉంది.

కాల్చింది. అతను తిన్నాడు. తల తిన్నాడు. తోక తిన్నాడు. ముల్లు చీకాడు. గిన్నెడు అన్నం తిన్నాడు.

"నల్లబండ ఉందా?"

"ఉంది."

"నీళ్ళు లోతుగానే ఉన్నాయా?"

"నాకైతే అడుగు కనబడలేదు."

అతను ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. ఏటికి అవతల నిలబడి ఇవతలి ఒడ్డు చూసే మనిషిలా.

"మడుగు చేపే," అన్నాడు చివరికి. "ఆ రుచి ఇంకెక్కడా రాదు."

పొద్దున ఆమె లేచేసరికి అతను లేచి ఉన్నాడు. ఈగల డబ్బాలోంచి ఒకదాన్ని ఏరి, ఎడమ అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు.

"ఆ బండ మీద నాచుంటుంది. చూసి అడుగెయ్."

"అలాగే."

తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో. ఆమె అడగలేదు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఉన్నారు. కొత్త బూట్లు, ఖరీదైన కర్ర. పట్నం మనిషి. నిన్న ఊళ్ళో ఎవరో చెప్పారట, చేప పడిందని.

"ఎక్కడ పట్టారు బామ్మగారూ?"

"పైన."

"పైనంటే?"

"బొగ్గుబట్టీ దాటి పోవాలి."

అతను దండం పెట్టి, గబగబా ఎక్కుతూ వెళ్ళాడు. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా అతని నడుముకి కట్టిన గంట మోగుతూ, చిన్నదవుతూ, చెట్లలో కలిసిపోయింది.

సుగియె ఇంకాసేపు ఆగింది.

తర్వాత, రాయి కదలకుండా, నీళ్ళలోకి దిగింది.